పాత విడిది బండికి తగిన టైర్లు

టైరును గూర్చి యొక వ్యాసమా యని మా చదువరులలో కొందఱు నవ్వవచ్చును. నవ్వినను మాకు సమ్మతమే. కొలది సంవత్సరముల క్రిందటివఱకు మేమును అట్లే నవ్వెడివారము. బండి కొనునపుడు ఇంజనును గూర్చి పదిమందిని అడుగుదుము. రంగును గూర్చి ఇంటిల్లిపాదిని సంప్రదింతుము. టైర్ల మాట వచ్చుసరికి దుకాణదారుడు చూపినదానిని బిగింపించుకొని వచ్చెదము. కాని బండి నేలను తాకునది ఆ నాలుగు చోట్లనే గదా! ఒక్కొక్కచోట తాకు భాగము మన అరచేతికంటె కొంచెము పెద్దది మాత్రమే. మూడువేల కిలోగ్రాముల బండియు, అందున్న పిల్లలును, వంటపాత్రలును, నీళ్ళ పీపాయును ఆ నాలుగు అరచేతులమీదనే కొండ యెక్కవలయును, కొండ దిగవలయును.

మా పాఠశాలకు ఒక పాత వ్యాను కలదు. చాలకాలము బాలబాలికలను చేరవేసి, ఆ పనికి పనికిరాదనిపించుకొన్న పిమ్మట, దాని వెనుకటి ఆసనములను కొన్నింటిని తీసివేసి, రెండు బల్లపడకలు, గ్యాసుపొయ్యి, పప్పుబియ్యముల పెట్టె, నీళ్ళ పీపాయి అమర్చి, విడిదియాత్రలకు దానిని ఉపయోగించుచున్నాము. ఇట్టి బండిని ఇతర దేశములలో క్యాంపరు వ్యాను అందురు. మన దేశములోను ఇపుడు ఈ అభిరుచి వ్యాపించుచున్నది. 1984లో వచ్చి 2019లో తయారీ ఆగిపోయిన మారుతి ఓమ్ని బండ్లను, పాత మటడోరులను, టెంపో ట్రావెలర్లను కొని పడకలు వేయించుకొనువారు పెక్కండ్రు కలరు. వారికి గూడ మా యనుభవము అక్కఱకు వచ్చునని తలచుచున్నాము.

యారాడ మాకు అలవాటైన విడిది. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపున బంగాళాఖాతము. నడుమ కొబ్బరితోటలు, ఇసుక. పట్టణమునకు పదునైదు కిలోమీటర్ల దూరమే యైనను మఱియొక లోకమువలె నుండును. సింధియా దాటిన పిదప దారి కొండ నెక్కి, మలుపులు తిరిగి, ఆవలివైపున గ్రామములోనికి దిగును. తిరిగి వచ్చునపుడును అంతే, ఎక్కవలయును, దిగవలయును. ఓడరేవును, నౌకలను చూచుచు దిగు ఆ దారి కన్నులకు పండుగయే గాని, డ్రైవరునకు మాత్రము పరీక్ష.

2023 డిసెంబరులో తొమ్మండుగురు బాలురతో అచ్చట ఒక రాత్రి గడిపితిమి. మఱునాడు బయలుదేరబోవ, తీరపుటంచున నిలిపిన వ్యాను వెనుక చక్రములు ఇసుకలో దిగబడినవి. ఎంత త్రోసినను కదలలేదు. అచ్చటి పడవవాడొకడు వచ్చి, టైర్లలో గాలి తగ్గించిన బయటపడునని సలహా యిచ్చెను. సలహా సరియైనదే. గాలి తగ్గినపుడు టైరు వెడల్పుగ పఱచుకొని ఇసుకపై తేలును. అగ్గిపుల్లతో వాల్వును నొక్కి సగము గాలి వదలితిమి, బండి బయటపడెను, బాలురు కేకలు వేసిరి. గాలి మరల నింపుటకు మాయొద్ద పంపు లేదు. కొండ దాటిన పిమ్మట సింధియాలో నింపుకొందమని బయలుదేరితిమి.

మా తప్పు అచ్చటనే ఉన్నది.

కొండ యెక్కుట బాగుగనే సాగెను. దిగునపుడు, రెండు మలుపులు గడచిన తరువాత, వెనుక ఎడమ టైరు తుపాకి ప్రేలినట్లు ప్రేలెను. బండి తోక ప్రక్కకు ఈడ్చుకొనిపోయెను. దారికి ఒకవైపు లోయ, ఒకవైపు కొండ. దైవానుగ్రహమున అది కొండవైపునకే తిరిగి, కాలువలో ఒక చక్రము దిగి ఆగెను. ఎవరికిని గాయము కాలేదు. కాని ఆ బాలురలో చిన్నవాడు దిగివచ్చి మా చేయి పట్టుకొని చాలసేపటివఱకు వదలలేదు. ఈ వ్యాసమునకు మూలము ఆ చేయియే.

మఱునాడు ఆ చినిగిన టైరును పంక్చరు దుకాణమునకు తీసికొనిపోతిమి. ఆ దుకాణపు వృద్ధుడు దానిని అటునిటు త్రిప్పి, తడిగుడ్డతో ప్రక్కభాగమును తుడిచి, అద్దములలోనుండి చూచి, “మాస్టారండీ, ఇది పుట్టి తొమ్మిదేళ్ళు దాటిపోనాది. నల్ల పాలీసు రాసి కొత్తదని ఇచ్చీసినారు. మీరేమో గాడులు చూసి మురిసిపోనారు” అనెను. మేము రెండేండ్ల క్రిందట సగము వెలకు వచ్చినదని సంతోషముతో కొన్న టైరది. కొన్న దుకాణము పేరు ఇచ్చట అనవసరము. చదువుకొన్నవారమై యుండియు టైరుమీద వ్రాసియున్న దానిని చదువకుండుట మా లోపమే.

ఆ వృద్ధుడు చూపినది నాలుగంకెల ముద్ర. ప్రతి టైరు ప్రక్కభాగమునను, డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుస చివరనో, లేక ప్రత్యేకముగనో, ఒక కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుండును. మొదటి రెండంకెలు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెల్పును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున, అనగా జూన్ మాసములో, తయారైనదని అర్థము. మా టైరుపై 1114 అని యుండెను. 2014 మార్చి! మూడంకెలే యున్న టైరు కనబడినచో అది 2000వ సంవత్సరమునకు పూర్వపుది. దానిని ఊయలకు కట్టుకొనవచ్చును గాని బండికి బిగింపరాదు. ఈ ముద్ర తఱచుగ ఒక ప్రక్కనే యుండును. దానిని లోపలివైపునకు త్రిప్పి బిగించినచో వంగి, దీపము వేసి చూడవలసియుండును. బిగించుటకు ముందే చూచుట సుళువు.

తొమ్మిదేండ్ల టైరు గాడులు క్రొత్తదానివలె లోతుగ ఎట్లుండెనని మా బాలురు అడిగిరి. ఇదియే విడిది బండి యజమాను లందఱు మోసపోవు స్థలము. అద్దెకారు సంవత్సరమునకు అరువదివేల కిలోమీటర్లు తిరిగి, టైరు ముదిరిపోవుటకు ముందే దానిని అరుగదీయును. విడిది బండి సంవత్సరములో ఎనిమిది నెలలు చెట్టుక్రింద నిలిచియుండి, రెండు మూడువేల కిలోమీటర్లు మాత్రము తిరుగును. దాని టైరు అరిగి చావదు, ముసలిదై చచ్చును. కనుక గాడులను చూచి విడిది బండి టైరు ఆరోగ్యమును నిర్ణయించుట, దంతములు చూచి మనిషి గుండెను పరీక్షించుటవంటిది.

రబ్బరు ఏల ముదురును? చెట్టు పాలనుండి వచ్చిన పచ్చి రబ్బరు ఎండకు జిగటయగును, చలికి పెళుసగును. 1839లో అమెరికా దేశస్థుడగు చార్లెస్ గుడ్‌ఇయర్ దానిని గంధకముతో కాచి, సాగి మరల స్వస్థానమునకు వచ్చునట్లు చేసెను. గంధకము రబ్బరు అణువుల పొడవైన గొలుసుల నడుమ వంతెనలు కట్టును. గాలిలోని ప్రాణవాయువు సంవత్సరములకొలది ఆ గొలుసులను త్రెంచుచు, క్రొత్త వంతెనలు కట్టుచు, రబ్బరును గట్టిపఱచి పెళుసు చేయును. ఓజోను అను వాయువు ఇంకను క్రూరమైనది. సాగియున్న రబ్బరును అది సన్నని పగుళ్ళుగ చీల్చును. వేడిమి ఈ రెండింటిని త్వరపఱచును. విశాఖపట్టణపు మే నెల యెండలో నల్లని టైరు ఎంత కాలునో చేయి వేసి చూచినవారికి చెప్పనక్కఱలేదు. టైరు నల్లగ నుండుట అలంకారమునకు గాదు. తొలినాళ్ళలో టైర్లు తెల్లగనే యుండెడివి. మసిని కలిపినచో రబ్బరు అరుగుదలకు బాగుగ తాళుననియు, సూర్యకిరణములను సహించుననియు తెలిసిన తరువాత నల్లనైనవి.

ఇందులో ఒక వింత కలదు. తయారుచేయువారు రబ్బరులో ఒకవిధమగు మైనమును కలుపుదురు. టైరు తిరుగుచు ముడుతపడి విచ్చుకొనుచున్నపుడు ఆ మైనము మెల్లగ పైకి ఊరి, పలుచని పొరయై ఓజోనునుండి కాపాడును. కదలక నిలిచియున్న టైరులో ఈ ఊట సరిగ జరుగదు. అందుచేత వాడనిదే పదిలముగ నుండునని మనమనుకొన్న టైరు, వాడుకలో నున్నదానికంటె ముందే బీటలువాఱును. ప్రక్కభాగమును బొటనవ్రేలితో వంచి చూచిన, ఎండిన చెఱువు అడుగువలె సన్నని నెఱ్ఱెలు కనబడును. నల్ల పాలిషు ఆ నెఱ్ఱెలను కప్పును గాని మాన్పదు. నూనెతో చేసిన పాలిషైనచో రబ్బరునకు మఱింత కీడు. మాకు అమ్మిన టైరు నిగనిగలాడుటయే మాకు అనుమానము కలిగింపవలసినది.

అయిదేండ్లు నిండిన టైరును ఏటేట తెలిసినవానికి చూపవలెననియు, పదియేండ్లు నిండినదానిని ఎంత బాగుగ కనబడినను తీసివేయవలెననియు పెద్ద టైరు సంస్థలు చెప్పుచున్నవి. కొందఱు బండి తయారీదారులు ఆఱేండ్లకే మార్చుమందురు. ఎండయు, బరువును, కొండదారియు కలసిన మావంటివారికి ఆఱేండ్లే మంచిదని మా నిశ్చయము. కొనునపుడు ఆఱునెలల లోపలిది అడుగుడు. సంవత్సరము దాటినచో వేఱుదానిని తెమ్మనుడు. అడిగినందుకు దుకాణదారుడు కోపపడినయెడల, దుకాణములు మఱికొన్ని కలవు.

ఇక రెండవ తప్పు. ఆ టైరు కొలత మా బండికి సరిగ సరిపోయినదే. దానిపై 215/75 ఆర్ 15 అని యుండెను. బండితో వచ్చిన పాత టైర్లపైనను అదియే. కొలత ఒకటియైన బలము గూడ ఒకటియే యని తలచితిమి. అట్లు కాదు. ఈ అంకెల వెనుక మఱియొక అంకె యుండును. దానిని చదువనివాడు కొలత చూచి చెప్పులు కొన్నవాడే గాని, ఆ చెప్పులు గడ్డిపోచలవో తోలువో చూచుకొననివాడు.

మొదట కొలతను విప్పుదము. 215 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనగా ప్రక్కభాగపు ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు, అనగా 161 మిల్లీమీటర్లు. ఆర్ అనునది రేడియలు. 15 అనగా రిమ్ము వ్యాసము అంగుళములలో, 381 మిల్లీమీటర్లు. లెక్కవేసిన మొత్తము చక్రము వ్యాసము సుమారు 703 మిల్లీమీటర్లగును. చౌకగ దొరకినదని దీనికి బదులు 205/70 ఆర్ 15 వేసితిమనుకొందము. దాని వ్యాసము 668. నూటికి అయిదు వంతులు తగ్గినది. అపుడు వేగమును చూపు ముల్లు 60 అని చూపుచున్నపుడు బండి 57 కిలోమీటర్ల వేగముననే పోవుచుండును. పై తరగతుల విద్యార్థులు తమ ఇంటి బండి టైర్లమీద ఈ లెక్క చేసి చూడవచ్చును.

కొలత తరువాత 100 ఎస్ అనియో, 106/103 క్యూ అనియో యుండును. ఈ మొదటి అంకె కిలోగ్రాములు గాదు. బరువు పట్టికలోని వరుససంఖ్య. 100 అనగా ఒక్క టైరు 800 కిలోగ్రాములు మోయగలదు. 103 అనగా 875. 104 అనగా 900. 106 అనగా 950. 109 అనగా 1030. రెండు సంఖ్యలున్నచో మొదటిది ఇరుసునకు ప్రక్కకొక్క టైరుండు బండికి, రెండవది లారీలవలె జంట టైర్లుండు బండికి. చివరి అక్షరము వేగమునకు గుర్తు: క్యూ 160, ఎస్ 180 కిలోమీటర్లు. మా బండి ఆ వేగముల కలనైనను చూడదు గాన అది మాకు ముఖ్యము గాదు. తయారీదారు చెప్పినదానికంటె తక్కువది కాకుండిన చాలును.

మేము కొన్నవి 100 ఎస్. అవి జీపుకార్లకు చేసిన టైర్లు. మంచివే, కాని మా బండికి గావు. ప్రమాదము తరువాత మేము చేసిన మొదటి పని, బండిని యాత్రకు సిద్ధపఱచినట్లే నింపి, లారీలను తూచు వేబ్రిడ్జికి తీసికొనిపోవుట. ఓడరేవు, ఉక్కు కర్మాగారము గల ఊరు గనుక ఇచ్చట తూకమునకు కొదవ లేదు. ముందు చక్రములను మాత్రము కాటాపై నుంచి ఒకసారి, వెనుక చక్రములను మాత్రము ఉంచి మఱియొకసారి తూచిరి. ముందు 1280, వెనుక 1720. వెనుక ఒక్కొక్క టైరుపై 860 కిలోగ్రాములు! 800 మోయదగిన టైరుపై 60 అధికము. అదియు రెండు వైపుల బరువు సమానమని యెంచిన లెక్క. నీళ్ళ పీపాయి, గ్యాసుపొయ్యి రెండును ఎడమవైపుననే యుండెను. ప్రేలినది ఎడమ టైరే యని చదువరులకు జ్ఞాపకముండును.

బరువు ఎచ్చటనుండి వచ్చినది? ఒక్కొక్క వస్తువు చిన్నదిగనే తోచును. నీరు లీటరునకు ఒక కిలోగ్రాము. రెండు అరువది లీటర్ల పీపాలు నింపిన 120. ఇంటిలో వాడు గ్యాసు బండలో గ్యాసు 14.2 కిలోలే యైనను ఇనుముతో కలసి ముప్పది వఱకు తూగును. ప్లైవుడ్డు పడకలు, పరుపులు, డేరా, క్రికెట్టు సామాను. ఎవరును తూచలేదు, అందఱును తెచ్చిరి. మేము రెండవ పీపాను తీసివేసితిమి. బరువైన పెట్టెలను ముందునకు, కుడివైపునకు జరిపితిమి. వెనుక ఇరుసు 1610కి దిగెను, టైరు ఒకటికి 805. అదే కొలతలో 106/103 గల బరువుబండి టైర్లను వేయించితిమి. అవి 950 మోయును. బరువునకును బలమునకును నడుమ నూటికి పదునైదు వంతులైనను మిగులుండవలెనని మా మతము. గుంటలో పడినపుడు, మలుపులో ఒరిగినపుడు, ఒక టైరు తన వంతుకంటె ఎక్కువ మోయును గదా.

ఐరోపాలో ఇట్టి బండ్లకే సి.పి. అను గుర్తుతో వేఱు టైర్లు చేయుదురు. ఎల్లపుడు నిండు బరువుతో నుండి, నెలలకొలది కదలక నిలుచు బండ్లకొఱకు వాటి ప్రక్కభాగములను గట్టిచేసియుందురు. మన అంగళ్ళలో అవి సులభముగ దొరకవు. మనకు వాటికి దగ్గఱ చుట్టము ఎల్.టి. అను గుర్తుగల చిన్న బరువుబండి టైరు. పాతవానిపై ప్లై సంఖ్య వ్రాసియుండును. 6, 8 అని. ఇప్పటి టైరులో నిజముగ అన్ని పొరలు లేకపోయినను, అంత బలము గలదని అర్థము. ఏది కొన్నను ఐ.ఎస్.ఐ. గుర్తు చూడుడు. రిజిస్ట్రేషను పత్రములోని నిండు బరువును మాత్రము దాటరాదు. టైరు బలమైనంతమాత్రమున స్ప్రింగులు, బ్రేకులు బలపడవు. పత్రములోని వివరములకు భేదము వచ్చునట్లు బండిని మార్చుట 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము నిషిద్ధము. ఆసనములు తీయుటకు పూర్వము రవాణా కార్యాలయమున విచారించుకొనవలెను.

మూడవ తప్పు, అన్నిటికంటె పెద్దది, గాలి. బరువును మోయునది రబ్బరు కాదు. లోపల బంధింపబడిన గాలి. రబ్బరును పొరలును ఆ గాలిని పట్టియుంచు సంచి మాత్రమే. 1845లో రాబర్ట్ విలియం థామ్సనును, మరల 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్పును కనిపెట్టినది ఈ గాలి దిండునే. గాలి తగ్గిన టైరు నేలను తాకినచోట చదునై, పైకి పోవునపుడు మరల గుండ్రమగును. చక్రము తిరిగిన ప్రతిసారి ఇట్లే. ఒక ఇనుప తీగను రెండు చేతుల పట్టుకొని ఒకేచోట ఇరువదిసార్లు అటునిటు వంచి, ఆ మడతను తాకి చూడుడు, చుఱ్ఱుమనును. టైరు ప్రక్కభాగమున జరుగునది ఇదియే. కొండ దిగునపుడు బ్రేకుల వేడిమి రిమ్మునుండి దానికి తోడగును. తొమ్మిదేండ్ల పెళుసు రబ్బరు, అరువది కిలోల అధికభారము, సగము గాలి. మూడును కలసినపుడు అది ప్రేలుట వింత గాదు; ఎక్కునపుడే ప్రేలకుండుట వింత.

టైరుపై వ్రాసిన బరువు, దానిపై వ్రాసిన గాలి ఉన్నపుడే చెల్లును. కారు టైరునకు చదరపు అంగుళమునకు 30, 35 పౌండ్లు చాలును. బరువుబండి టైరునకు 50, 60 కావలసియుండును. గాలికొట్టు కుఱ్ఱవాడు అన్ని బండ్లకును అలవాటుగ ముప్పదియైదు కొట్టి పంపును. అతని తప్పు గాదు, మనము చెప్పలేదు. మేము ఇపుడు మా బరువునకు తయారీదారు పట్టికను చూచి ముందు 40, వెనుక 55 ఉంచుచున్నాము. రిమ్ము ఆ ఒత్తిడిని భరించునదై యుండవలెను. రిమ్మునకు గుచ్చు మామూలు రబ్బరు వాల్వు 65 పౌండ్ల వఱకే తగును. అంతకు మించినచో లోహపు వాల్వు వేయించవలెను. గాలిని ఉదయము, బండి కదలకముందు చూడవలెను. దూరము పోయిన తరువాత వేడికి ఒత్తిడి సహజముగ పెరుగును. అపుడు ఎక్కువైనదని గాలి తీయుట పొరపాటు.

ఇసుకలో గాలి తగ్గించు ఉపాయమును మేము ఇపుడును విడువలేదు. కాని బండి పెట్టెలో ఒక విద్యుత్తు పంపును, ఒత్తిడి చూచు గడియారమును ఉంచితిమి. ఇసుకనుండి బయటపడిన బండి, గట్టినేలపై ఆగి, గాలి నిండిన తరువాతనే కొండవైపునకు తిరుగవలెను. బాలురకు ఆకలియైనను, చీకటి పడుచున్నను సరియే.

పాత బండ్లు గలవారు మఱియొక చిక్కులో పడుదురు. మన పంక్చరు దుకాణములలో నైలాను టైరనునది, ఐమూలగ ఒకదానిపై నొకటి వేసిన పొరల పాతరకపుది. రేడియలు టైరు 1946లో ఫ్రాన్సు దేశపు మిషలిన్ సంస్థ పేటెంటు పొందినది. అందు పొరదారములు అంచునుండి అంచునకు తిన్నగ పోవును, పైన ఉక్కుతీగల పట్టీ యుండును. తక్కువ వేడెక్కును, నేలను బాగుగ పట్టును. రెండు రకములను ఒకే ఇరుసునకు బిగింపరాదు. అవి మలుపులో వేర్వేఱుగ వంగి బండిని లాగును. వీలైనంతవఱకు నాలుగును ఒకే జాతివి వేయుడు. తప్పనిసరియై కలిపినచో రేడియళ్ళు వెనుకకు. పాత రిమ్ములు ట్యూబుల కొఱకు చేసినవి. ట్యూబు లేని టైరు అంచును పట్టియుంచు చిన్న గట్టు వాటికి ఉండకపోవచ్చును. అట్టి రిమ్మునకు రేడియలు వేసినచో రేడియలునకు తగిన ట్యూబును వేయవలెను. పాత ట్యూబును మరల వాడి వంద రూపాయలు మిగిల్చుకొనరాదు. సముద్రపు గాలికి మా రిమ్ముల అంచులు పొరలుపొరలుగ త్రుప్పుపట్టియుండెను. త్రుప్పు గోకి రంగు వేయించినదాక గాలి నెలకు పది పౌండ్లు దిగుచునే యుండెడిది. మీ బండికి అట్లు జరుగుచున్నచో టైరును నిందింపకుడు.

గాడుల తీరును గూర్చి బాలురకు గొప్ప ఉత్సాహము. పెద్ద పెద్ద కణుపులుగల అడవి జీపు టైర్లు వేయుదమని వారి కోరిక. యారాడ ఇసుక ఏడాదికి రెండు గంటలు, తారుదారి మిగిలినదంతయు. కణుపుల టైరు తారుపై రొదచేయును, బరువు, వర్షములో తారును అంతగా పట్టదు. తిన్నని లోతైన గాడులు గల దారిటైరే మాకు తగినదని తీర్మానించితిమి. గాడుల పని నీటిని ప్రక్కకు త్రోయుట. వాటి అడుగున అక్కడక్కడ చిన్న గట్లుండును. అరుగుదల ఆ గట్లకు సమమైనచో 1.6 మిల్లీమీటర్లే మిగిలినదని గుర్తు. చట్టమును అచ్చటికే ఆపును. మా కొండదారికి, వానకాలమునకు, మూడు మిల్లీమీటర్లకే మార్చుట మేలు.

రీట్రెడ్ టైర్లు చవుక గదా యని కొందఱు పెద్దలు అడిగిరి. లారీలకు అవి ఉపకరించుట నిజమే. అచ్చట వెనుక జంట చక్రములుండును, టైరు రెండు మూడేండ్లకే అరుగును, లోపలి పొరలు ఇంకను పడుచుగ నుండును. మాకు అరిగినది పైభాగము గాదు, ముసలిదైనది లోపలి ఒడలు. ముసలి ఒడలికి క్రొత్త పైచర్మము కుట్టించిన లాభమేమి? మా పొరుగుననే అచ్యుతాపురమున జపాను దేశపు యొకోహామా సంస్థవారి టైర్ల కర్మాగారము 2022లో ప్రారంభమైనది. దానిని గూర్చి విని అచ్చటనే కొనవచ్చునని మా గుమాస్తా సంతోషించెను. అచ్చట చేయునవి ట్రాక్టర్లకు, గనులలోని యంత్రములకు తగిన భారీ టైర్లు. ఆ చక్రముల ప్రక్క మా వ్యాను నిలిచినచో ఆటబొమ్మవలె నుండును.

బండి నిలిచియుండు నెలలలో చేయవలసినది కొంచెమే. టైర్లను నీడలో నుంచుడు, లేదా గోనెపట్టా కప్పుడు. గాలిని పైహద్దు వఱకు నింపి, నెలకొకసారి బండిని కొంతదూరము నడిపి వేఱుచోట నిలుపుడు. లేనిచో అడుగు చదునైపోయి, కదలినపుడు బండి గుఱ్ఱమువలె గెంతును. కిరసనాయిలు, గ్రీజు, నల్ల పాలిషు దగ్గఱకు రానీయకుడు. తీరమునుండి వచ్చిన తరువాత మంచినీటితో కడుగుడు. సబ్బునీరు చాలును.

నాలుగు టైర్లు క్రొత్తవి వేయించి, వెల చెల్లించి, మేము తృప్తితో ఇంటికి రాబోవుచుండగా ఆ పంక్చరు దుకాణపు వృద్ధుడు వెనుకనుండి కేకవేసి, “మాస్టారండీ, స్టెప్నీ చూసినారేటి?” అని యడిగెను. చూడలేదు. బండి క్రింద, మట్టికొట్టుకొని, వ్రేలాడుచున్న ఆ అయిదవ టైరును దింపి తుడువగా, గాడులలో ఇంకను క్రొత్త టైరు వెండ్రుకలు నిలిచియుండెను. ఒక్కసారియైనను నేలను తాకి యెఱుగదు. ముద్ర 3908. ప్రమాదమునాడు కొండపై మేము బిగించుకొని, తొమ్మండుగురు బాలురను ఎక్కించుకొని, ఊరికి దిగివచ్చినది దానిమీదనే.